ఎండుటాకు, గాజుజాడీ

ఫిలడెల్ఫియా చూడవచ్చిన బంధుమిత్రులను అందరిలాగే నేనూ మొదట లిబర్టీ గంట దగ్గరకు తీసుకువెళతాను. వచ్చినవారు వైద్యులైతే మాత్రం మరొక చోటు కూడా చూపిస్తాను. ఆ నగరపు వైద్యుల సంఘం పంతొమ్మిదవ శతాబ్దం నుంచి నడుపుతున్న మ్యూటర్ మ్యూజియం అది. బీరువాల నిండా పుర్రెలు, వంకర తిరిగిన వెన్నెముకలు, జాడీలలో తేలే అవయవాలు. ఆ మ్యూజియం సేకరణలో ఒక పేగు ముక్క ఉంది. 1849లో కలరా ఆ నగరాన్ని ముట్టడించినప్పుడు మరణించిన ఒక మనిషిది. ఆనాటి వైద్యుడెవరో దానిని కోసి భద్రపరిచాడు. కలరాకు ఒక క్రిమి కారణమని ఆయనకు తెలియదు. ఆ క్రిమిని 1854లో ఇటలీలో పాచీని సూక్ష్మదర్శినిలో చూసినా, 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ వేరుచేసి చూపేదాకా వైద్యలోకం పట్టించుకోలేదు. తాను దాస్తున్నదేమిటో తెలియకుండానే ఆ వైద్యుడు దాచాడు.

అదే దశాబ్దంలో ఐరోపాలో వృక్షశాస్త్రజ్ఞులు కొందరు తెగులు సోకిన బంగాళాదుంప ఆకులను కోసి, కాగితాల మధ్య అదిమి ఎండబెట్టి దాచారు. వాటిలో కొన్ని లండన్ నగరపు క్యూ ఉద్యానవనంలోనూ, కొన్ని మ్యూనిక్‌లోనూ నేటికీ ఉన్నాయి. 1845 నాటి ఐర్లండు మహాక్షామానికి కారణమైన తెగులు ఆ ఆకుల మీద మచ్చలై మిగిలింది. వారికీ తాము దాస్తున్నది ఏమిటో పూర్తిగా తెలియదు.

ఈ మధ్య రెండు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదివాను. మొదటిది చరిత్రకారిణి సెసిల్ వుడమ్-స్మిత్ 1962లో ప్రచురించిన 'ది గ్రేట్ హంగర్'. ఐర్లండు క్షామానికి సంబంధించి ఇప్పటికీ అందరూ మొదట చదివే గ్రంథం. రెండవది సాంక్రమిక వ్యాధుల నిపుణుడు రాల్ఫ్ ఫ్రెరిక్స్ 2016లో వెలువరించిన 'డెడ్లీ రివర్'. 2010లో హైతీ దేశంలో కలరా ఎలా ప్రవేశించిందో, ఆ నిజం ఎలా కప్పిపుచ్చబడిందో చెప్పే పుస్తకం. ఒకటి పంట కథ, మరొకటి పేగు కథ. ఈ రెండింటినీ కలిపే దారం ఇటీవలి కాలంలో సమకూరిన జన్యుక్రమ పఠనం, అంటే మనం వాడుకలో సీక్వెన్సింగ్ అంటున్న విద్య. దాని శక్తి ఎంత, దాని హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు ఈ రెండు కథలను మించిన సమాధానం నాకు కనబడలేదు.

1

సాహిత్యం చదివేవారికి ఈ విద్యను వివరించడం తేలిక. వేమన పద్యాల కోసం సి.పి. బ్రౌన్ ఊరూరి నుంచి వ్రాతప్రతులు తెప్పించి పాఠాలను సరిపోల్చిన సంగతి మనకు తెలిసిందే. ప్రతిని ఎత్తిరాసే లేఖకుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు రాస్తాడు. దానిని చూసి రాసేవాడు ఆ తప్పును అలాగే దింపి, తన తప్పు మరొకటి చేరుస్తాడు. ఒకే చోట ఒకే తప్పు ఉన్న రెండు ప్రతులు కనబడితే వాటికి మాతృక ఒకటేనని పరిష్కర్త గ్రహిస్తాడు. ఆ తప్పులను వరుసగా పేర్చుకుంటూ పోతే ఏ ప్రతి ఏ ప్రతికి బిడ్డో తెలిసిపోతుంది. పరిష్కర్తకు ఒప్పుల కంటే తప్పులే ఎక్కువ చెబుతాయి.

క్రిములూ అంతే. ప్రతి విభజనలోనూ తమ జన్యుపాఠాన్ని ఎత్తిరాసుకుంటాయి, అప్పుడప్పుడు తప్పుతాయి. కలరా క్రిమి పాఠం రెండు క్రోమోజోములలో మొత్తం సుమారు 40 లక్షల అక్షరాలు. దానిని 2000లో మొదటిసారి పూర్తిగా చదివారు. ఇప్పుడు ప్రపంచంలో తిరుగుతున్న వంశంలో ఏడాదికి సగటున మూడు అక్షరాలు మాత్రమే మారుతున్నాయని తరువాత లెక్క తేలింది. అంటే ఇద్దరు రోగుల నుంచి తీసిన క్రిముల మధ్య ఒకటి రెండు అక్షరాల తేడాయే ఉంటే, అవి విడిపోయి నెలలే అయి ఉండాలి. యాభై అక్షరాల తేడా ఉంటే, ఆ ఇద్దరి కథలకూ సంబంధం లేదని చెప్పవచ్చు.

పాత నమూనాల విషయంలో మరొక చిక్కు ఉంది. చనిపోయిన కణంలో డిఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది. పదుల అక్షరాల పొడవున్న తునకలే మిగులుతాయి. ఆ తునకల అంచులలో ఒక అక్షరం మరొక అక్షరంలా కనబడేంతగా చెడిపోతుంది. అయితే ఈ చెడిపోవడానికీ ఒక తీరు ఉంది. చెద తిన్న అంచును చూసి తాళపత్రం పాతదేనని నమ్మినట్టు, ఆ అంచుల చెడుపును చూసి ఇది నేటి కల్తీ కాదు, పాత డిఎన్‌ఏయే అని నిర్ధారించుకుంటారు. తరువాత లక్షలాది తునకలను కంప్యూటరులో నేటి పాఠం పక్కన పెట్టి, పేర్చి, పూర్వపాఠాన్ని పునర్నిర్మిస్తారు.

2

1841 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండులో 82 లక్షల మంది ఉన్నారు. వారిలో సుమారు 30 లక్షల మందికి బంగాళాదుంపే దాదాపు ఏకైక ఆహారం. కౌలు చెల్లించడానికి ధాన్యం, పశువులు, తినడానికి దుంప. చిన్న చెక్కలో పెద్ద కుటుంబం బతకడానికి మరో పంట చాలదు. పేదలు ఎక్కువగా వేసిన రకం పేరు లంపర్. దుంపను ముక్కలు కోసి నాటుతారు కాబట్టి దేశమంతటా ఉన్నది నిజానికి ఒకే మొక్క. ఒకదానిని చంపగలిగినది అన్నింటినీ చంపగలదు.

1843లో ఫిలడెల్ఫియా, న్యూయార్కు పరిసరాలలో ఒక కొత్త తెగులు కనబడింది. 1845 వేసవిలో బెల్జియంలో, ఆ తరువాత ఇంగ్లండు దక్షిణ తీరంలో కనబడింది. ఆ ఏడాది సెప్టెంబరు 13న 'గార్డెనర్స్ క్రానికల్' సంపాదకుడు జాన్ లిండ్లీ, తెగులు ఐర్లండు చేరిందని ప్రకటించాడు. పచ్చని చేను రోజుల్లో నల్లబడింది. తవ్విన దుంపలు చేతిలోనే మురిగి కంపుకొట్టాయి. లిండ్లీ దృష్టిలో కారణం తడి: వానలు ఎక్కువై మొక్క నీటిని జీర్ణించుకోలేకపోయింది. కొందరు కొత్తగా వచ్చిన రైలుబండ్లను తప్పుపట్టారు. ఎక్కువమంది దైవశిక్ష అన్నారు. మైల్స్ బర్క్లీ అనే పల్లెటూరి మతాచార్యుడు మాత్రం, ఆకు అడుగున కనబడే సన్నని బూజు రోగానికి ఫలితం కాదు, కారణం అని 1846లో వాదించాడు. ఆయన మాట చెల్లలేదు. 1861లో జర్మనీలో ఆంటన్ డి బారీ దానిని ప్రయోగం చేసి నిరూపించాడు. తరువాత ఆ జీవికి 'ఫైటోఫ్తొరా' అని పేరు పెట్టాడు. మొక్కల వినాశకారి అని అర్థం. మన రైతులకు కూడా పరిచితమైన బోర్డో మిశ్రమం, ఆ తుత్తమూ సున్నమూ కలిసిన మందు, 1885లో గాని రాలేదు.

కారణం తెలియకపోవడం ఒక సంగతి. అన్నం పెట్టకపోవడం మరొక సంగతి. వుడమ్-స్మిత్ పుస్తకం గొప్పతనం ఈ రెండింటినీ కలిపివేయకపోవడంలో ఉంది. ప్రధాని రాబర్ట్ పీల్ 1845 నవంబరులోనే లక్ష పౌండ్లతో అమెరికా నుంచి మొక్కజొన్న కొనిపించాడు. 1846లో ప్రభుత్వం మారింది. సహాయమంతా ట్రెజరీ అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ చేతి మీదుగా నడిచింది. బజారు తన పని తాను చేసుకుంటుందనీ, ఉచితంగా పెడితే జనం సోమరులవుతారనీ, ఇది ఐరిష్ సమాజాన్ని బాగుచేయడానికి విధి కల్పించిన అవకాశమనీ ఆయన నమ్మాడు. దేశం ఆకలితో ఉండగానే రేవుల నుంచి ధాన్యం, పశువులు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1847 వేసవిలో ప్రభుత్వం గంజికేంద్రాలు తెరిచి రోజుకు 30 లక్షల మందికి పెట్టింది. తలచుకుంటే పెట్టవచ్చునని అలా తనే రుజువు చేసింది. కొద్ది నెలల్లో వాటిని మూసివేసింది. సుమారు పది లక్షల మంది ఆకలితోనూ, ఆకలి వెంట వచ్చిన జ్వరాలతోనూ మరణించారు. మరో పది లక్షలకు పైగా దేశం విడిచి ఓడలెక్కారు. 1851 లెక్కల్లో మిగిలినవారు 65 లక్షలు.

ఈ ట్రెవెల్యన్ మనకు కొత్తవాడు కాదు. 1859లో ఆయన మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మరుసటి ఏడాది కొత్త ఆదాయపు పన్నును బహిరంగంగా వ్యతిరేకించి, పై అధికారుల ఆగ్రహానికి గురై వెనక్కు పిలిపించబడ్డాడు. ఆయన రాకకు పాతికేళ్ల ముందు గుంటూరు సీమ డొక్కల కరువు చూసింది. ఆ కాలంలో బ్రౌన్ గుంటూరులో పనిచేశాడు. ఆయన వెళ్ళిన పదహారేళ్లకు రాయలసీమ ధాత కరువు చూసింది. ఆ కరువులకు ఏ తెగులూ కారణం కాదు, వానలు లేకపోవడమే. అయినా ఐర్లండు పుటలు తిప్పుతుంటే కూలికేంద్రాలు, కొలిచి పోసిన గంజి, బండ్లకెక్కి తరలిపోయే ధాన్యం అన్నీ మన కథలో చదివినట్టే ఉంటాయి. అక్కడ దుంప కుళ్ళింది, ఇక్కడ చెరువు ఎండింది. ఆ పైన జరిగింది మాత్రం ఒకటే.

3

ఇక ఆకు సంగతి. 1845 నాటి తెగులు జీవి ఏ వంశానిది? ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం ప్రపంచమంతటా కనబడిన వంశానికి యుఎస్-1 అని పేరు. కాబట్టి క్షామానికీ అదే కారణమని అందరూ అనుకున్నారు. 2001లో జీన్ రిస్టైనో బృందం పాత ఆకుల నుంచి చిన్న జన్యుశకలాలు చదివి ఆ ఊహను సందేహించింది. 2009లో ఆ జీవి సంపూర్ణ పాఠం వెలువడింది. దాదాపు 24 కోట్ల అక్షరాలు, అందులో ముప్పాతిక వంతు పునరుక్తులే. అది బూజులా కనబడినా శిలీంధ్రం కాదనీ, సముద్రపు గోధుమ నాచుకు దూరపు చుట్టమనీ అప్పటికే తెలుసు. 2013లో క్యూ, మ్యూనిక్ సేకరణలలోని ఆకులను చదివిన శాస్త్రజ్ఞులు తీర్పు చెప్పారు. క్షామానికి కారణమైనది యుఎస్-1 కాదు. దానికి సోదర వంశమైన మరొకటి. దానికి హెర్బ్-1 అని పేరు పెట్టారు. ఐర్లండు, ఇంగ్లండు, ఐరోపా ఖండం నుంచి వచ్చిన ఆకులన్నింటి మీదా ఉన్నది ఆ ఒక్క వంశమే. అది యాభై ఏళ్లకు పైగా రాజ్యమేలి, ఇరవయ్యవ శతాబ్దంలో కొత్త రకాల దుంపలు వచ్చాక మరుగున పడింది. బహుశా నేడు భూమి మీద లేదు.

మరొక వివరం నన్ను ఆపింది. మొక్కలలో కొన్ని జన్యువులు ఇంటి కాపలావాళ్లవంటివి. చొరబడే జీవి పనిముట్లను గుర్తుపట్టి మొక్కను హెచ్చరిస్తాయి. మెక్సికో అడవి దుంపల నుంచి అటువంటి జన్యువులను ఇరవయ్యవ శతాబ్దంలో సంకరం ద్వారా సాగు దుంపలోకి తెచ్చారు. హెర్బ్-1 దగ్గర ఉన్న పనిముట్లు ఆ కాపలావాళ్ళు గుర్తుపట్టగలిగేవే. అంటే అది అసాధారణమైన రాక్షసి కాదు. 1845లో ఐరోపా దుంపలకు కాపలా లేదు, అంతే.

ఇప్పుడు రెండు పుటలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆకు ఏం చెబుతోంది? బెల్జియంలోనూ, ఐర్లండులోనూ పొలాలను కాల్చినది ఒకే జీవి అని. చరిత్ర ఏం చెబుతోంది? బెల్జియంలో జనం బాధపడ్డారు, మరణించారు. కాని ఐర్లండుతో పోల్చదగిన నాశనం అక్కడ జరగలేదు. పాఠం ఒకటే అయినప్పుడు ఫలితం ఎందుకు వేరైంది? ఆ తేడా క్రిమిలో లేదు. భూమి ఎవరిది, కౌలు ఎంత, ప్రత్యామ్నాయపు పంట ఏది, పాలించేవాడు ఎవరికి జవాబుదారీ అన్న చోట ఉంది. జన్యుపఠనం ఇక్కడ చరిత్రకారిణి వాదానికి పోటీ రాలేదు. నూట అరవై ఎనిమిది ఏళ్ల తరువాత వచ్చి దానికి సాక్ష్యం పలికింది.

4

కలరా అనే మాట పుస్తకాలది. తెలంగాణలో గత్తర అనేవారు. మా గోదావరి జిల్లాల్లో మరిడి అనేవారు. మరిడమ్మకు గుడి కట్టి జాతర చేసేవారు. నేను వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు అంటువ్యాధుల వార్డులో కలరా మంచం చూశాను. నవారు మధ్యలో రంధ్రం, దాని కింద బక్కెట్టు. బక్కెట్టులో ఎంత పోయిందో కొలిచి అంత సెలైన్ ఎక్కించాలి. ఉదయం కళ్ళు లోతుకు పోయి, నాడి అందకుండా వచ్చిన మనిషి సాయంత్రానికి లేచి కూర్చుని టీ అడగడం చూసి ఆశ్చర్యపోయాను. ఈ రోగంలో చావు అంత దగ్గర, చికిత్స అంత సులభం. అందుకే ఈ రోజుల్లో కలరాతో ఎవరైనా చనిపోతే తప్పు క్రిమిది మాత్రమే అనడానికి నాకు నోరు రాదు.

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చింది. అక్టోబరులో కలరా వచ్చింది. అంతకుముందు కనీసం వందేళ్లుగా ఆ దేశంలో కలరా నమోదైన దాఖలా లేదు. రోగం మొదట కనబడినది మిర్బలే పట్టణం దగ్గరి ఒక వాగు ఒడ్డున. ఆ వాగు ఆర్టిబొనీట్ నదిలో కలుస్తుంది. ఆ నది నీళ్లనే జనం తాగుతారు, వాటిలోనే స్నానం చేస్తారు, వాటితోనే వరి పండిస్తారు. వాగు ఒడ్డున ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం ఉంది. అందులోకి అప్పుడే నేపాల్ నుంచి కొత్త సైనికులు వచ్చారు. ఆ ఏడాది నేపాల్‌లో కలరా ప్రబలింది. శిబిరం మురుగు వాగులోకి చేరుతోందని ఊరివాళ్ళు మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు.

ఫ్రెరిక్స్ పుస్తకానికి నాయకుడు ఫ్రెంచి వైద్యుడు రెనో పియారూ. ఆయన ఊరూరా తిరిగి, ఏ పల్లెలో ఏ తేదీన మొదటి రోగి పడ్డాడో పటం గీశారు. 1854లో లండన్‌లో జాన్ స్నో చేసిన పనే అది. పటం వేలు శిబిరం వైపే చూపింది. దానికి ఎదురుగా మరొక వాదం లేచింది: క్రిమి తీరజలాల్లో ఎప్పటి నుంచో ఉంది, భూకంపం, వేడి, వానలు దానిని లేపాయి. ఈ వాదం శాస్త్రవిరుద్ధం కాదు. కలరా క్రిమి నదీముఖాల నీటిలో నిజంగానే బతుకుతుంది. కాని ఈ వాదం అందరికీ సౌకర్యంగా ఉంది. ప్రకృతి మీద ఎవరూ దావా వేయలేరు.

ఈ తగవును తీర్చినది జన్యుపఠనం. 2011 జనవరిలో వెలువడిన మొదటి పరిశోధన, హైతీ క్రిమి లాటిన్ అమెరికాలోని క్రిములకు చుట్టం కాదనీ, దక్షిణాసియా క్రిములకు చుట్టమనీ తేల్చింది. ఆగస్టులో నేపాల్ క్రిములు 24, హైతీ క్రిములు 3 పక్కపక్కన పెట్టి చదివారు. నేపాల్ నమూనాలలో ఒక గుంపుకూ హైతీ నమూనాలకూ తేడా ఒకటి రెండు అక్షరాలే. ఏడాదికి మూడు అక్షరాలు మారే పాఠంలో ఒకటి రెండు అక్షరాల తేడా అంటే ఏమిటో పైన చెప్పుకున్నాం. పియారూ గీసిన పటం, ఊరివాళ్ళ మాట, జన్యుపాఠం మూడూ ఒకటే చెప్పాయి.

ఇక్కడ మ్యూటర్ మ్యూజియం జాడీకి వద్దాం. 2014 జనవరిలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన హెండ్రిక్ పోయినార్ బృందం ఆ పేగు ముక్కలోని కలరా క్రిమి పాఠాన్ని ప్రచురించింది. 1817లో బెంగాలు నుంచి బయలుదేరిన కలరా విడతలు విడతలుగా ప్రపంచాన్ని చుట్టింది. 1849 ఫిలడెల్ఫియాది రెండవ విడత. పేగులోని క్రిమి, శాస్త్రజ్ఞులు 'క్లాసికల్' అని పిలిచే వంశానిది. ఇప్పుడు హైతీలోనూ, మన దేశంలోనూ ఉన్నది 'ఎల్ టోర్' వంశం. ఇది 1961లో ఇండోనేషియా నుంచి బయలుదేరింది. ఐర్లండు తెగులులాగే ఇక్కడా పాత హంతకుడు తప్పుకున్నాడు, తమ్ముడు గద్దెనెక్కాడు. ఆ జాడీని దాచిన వైద్యుడు తన కాలపు ప్రశ్నకు సమాధానం పొందలేదు. మన కాలపు ప్రశ్నకు సమాధానం ఇచ్చాడు. హైతీలో అటువంటి ఆలస్యం లేదు. క్రిమి ఎక్కడిదో పది నెలల్లో తేలిపోయింది.

తేలి ఏం లాభం? ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల సంఘం 2011 మేలో, ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు, అనేక పరిస్థితుల కలయిక అంది. అదే నిపుణులు 2013లో, కొత్త ఆధారాలు చూశాక, శిబిరమే అత్యంత సంభావ్యమైన మూలమని రాశారు. అదే ఏడాది బాధితుల నష్టపరిహార దావాను సంస్థ తన చట్టబద్ధ రక్షణ పేరుతో తోసిపుచ్చింది. ప్రధాన కార్యదర్శి బాన్ కీ-మూన్ హైతీ ప్రజలను క్షమాపణ కోరినది 2016 డిసెంబరు 1న. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. మొత్తం మీద 8 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, పదివేలకు దగ్గరగా మరణించారు. 1845లో పాఠం చదవడం ఎవరికీ రాదు. 2011లో చదివి వినిపించినా వినవలసినవారు వినలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. క్రిమి నేపాల్ నుంచి వచ్చిందనగానే నేపాలీలు రోగం తెచ్చారనే మాట పుడుతుంది. పంతొమ్మిదవ శతాబ్దపు పాశ్చాత్య గ్రంథాలు ఈ జబ్బును 'ఆసియా కలరా' అనే పిలిచాయి. కరువు తప్పించుకుని అమెరికా రేవుల్లో దిగిన ఐరిష్ పేదలను కూడా అదే చూపుతో చూశారు. పరాయిదేశంలో ముప్ఫై ఏళ్లుగా ఆసుపత్రుల్లో తిరిగినవాడిగా ఆ చూపు నాకు తెలుసు. ఎల్ టోర్ సోకినవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. ఆ సైనికునికి తాను మోస్తున్నదేమిటో తెలిసే అవకాశమే లేదు. తప్పు అతని పేగుల్లో లేదు. మురుగును వాగులోకి వదిలిన ఏర్పాటులో ఉంది. వాగు నీళ్లు తప్ప మరో నీళ్లు ఎరగని జనం పేదరికంలో ఉంది. జన్యుపాఠం మూలం చెప్పింది. ఆ మూలాన్ని ఒక జాతి నెత్తిన రుద్దడమో, ఒక సంస్థను బాధ్యత వహించమని అడగడమో మన చేతిలో పని. 2022 అక్టోబరులో, మూడేళ్ల విరామం తరువాత, హైతీలో మళ్లీ కలరా వచ్చింది. క్రిమిని చదివితే 2010 నాటి దాని సంతతే అని తేలింది. క్రిమి మారలేదు, నీళ్లూ మారలేదు.

5

ఇంతటితో ఆపితే చదువు వల్ల ప్రయోజనం లేదన్నట్టు ఉంటుంది. అది నా ఉద్దేశం కాదు. అందుకే మా ఊరి పంట గురించి ఒక మాట.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఎంటియు 7029 అనే వరిని విడుదల చేసింది. అదే స్వర్ణ. ఒడిశా, బెంగాలు దాకా కోట్ల మందికి అన్నం పెట్టిన వంగడం. కాని ముంపుకు తాళలేదు. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు నీళ్లు తీసిన తరువాత చేలు ఎలా ఉంటాయో నేను చూశాను. వరి నీటిమొక్కే అయినా, నిలువునా మునిగితే ఊపిరి కోసం పైకి సాగి, ఉన్న సత్తువంతా ఖర్చుచేసుకుని చస్తుంది. ఒడిశాలో ఎఫ్‌ఆర్ 13ఎ అనే నాటు రకం ఒకటి మాత్రం మునిగినప్పుడు సాగకుండా, సత్తువ దాచుకుని, నీళ్లు తీశాక లేస్తుంది. దిగుబడి తక్కువ కనుక దానిని ఎవరూ పట్టించుకోలేదు. ఆ గుణం తొమ్మిదవ క్రోమోజోములో ఉందని 1996లో గుర్తించారు. 2006లో ఆ జన్యువును, సబ్1ఎ, పట్టుకున్నారు. జన్యుమార్పిడి అవసరం లేకుండానే, మామూలు సంకరంతో, ప్రతి తరంలోనూ పిలకల డిఎన్‌ఏ పరీక్షించి ఎంచుకుంటూ దానిని స్వర్ణలోకి తెచ్చారు. స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా బతుకుతుంది.

ఇదంతా విజ్ఞానం. నాకు మరింత ముఖ్యమనిపించినది 2013లో ఒడిశా గ్రామాల్లో జరిగిన క్షేత్రపరిశోధన. ఈ విత్తనం వల్ల అందరికంటే ఎక్కువ లాభపడే అవకాశం ఉన్నది దళిత రైతులకని అందులో తేలింది. కారణం జన్యువులో లేదు. తరతరాలుగా వారికి దక్కిన భూమి ఊరి చివర పల్లపు భూమి. మునిగేది ముందు అదే. కులం ఎక్కడ పొలం ఇచ్చిందో అక్కడే ఈ జన్యువు పనికివచ్చింది. 1845 ఐర్లండులో తెగులు పేదవాని చెక్కను వెతుక్కుంటూ వెళ్ళింది. ఇక్కడ కనీసం ఒకసారి మేలు కూడా ఆ దారినే వెళ్ళింది. అయితే విత్తనం ఆ పల్లపు చేనుకు దానంతటది నడిచిపోదు. సంచి మోసి ఇచ్చేవారు ఉండాలి, ఏ చేను ముందు మునుగుతుందో అడిగి తెలుసుకున్నవారు ఉండాలి.

చదవదలచినవారు వుడమ్-స్మిత్‌తో మొదలుపెట్టండి. ఆమె కాలానికి హెర్బ్-1 పేరు లేదు. ఆ లోటు పుస్తకంలో ఎక్కడా తెలియదు, ఎందుకంటే ఆమె అడిగిన ప్రశ్న అది కాదు. ఫ్రెరిక్స్ పుస్తకం పరిశోధన కథగా చకచకా సాగుతుంది. హైతీ చరిత్రకు, ఆ పేదరికం ఎలా వచ్చిందన్న దానికి అందులో చోటు తక్కువ. అందుకే రెండూ కలిపి చదవమంటాను. క్రిమి ఎక్కడి నుంచి వచ్చిందో నేడు మా ఆసుపత్రి ప్రయోగశాల కూడా కొద్ది రోజుల్లో చెప్పగలదు. రోగి ఆ నీళ్లే ఎందుకు తాగవలసి వచ్చిందో తెలుసుకోవాలంటే మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని అతనినే అడగాలి.